వేలంలో పోయిన ఆస్తి – పేదవాడి ఇంటి జాగా

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత సంగతులు ఏవైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. పెద్దాపురం అనగానే పట్టుబట్టలు, మరిడమ్మ జాతర, పాండవుల మెట్ట, మహారాణీ సత్రం అందరికీ గుర్తుకొస్తాయి. వాటి గురించి నాకంటె బాగా తెలిసినవారు, బాగా వ్రాయగలవారు మనలో ఉన్నారు. నేను 1968లో గుమాస్తాగా చేరి 2004లో పదవీ విరమణ చేసేవరకు రెవెన్యూ శాఖలోనే ఉన్నవాణ్ణి. నాకు వచ్చిన విద్య బకాయి, జప్తు, వేలం. కనుక ఆ విషయమే వ్రాస్తున్నాను.

అప్పు తీర్చలేకనో, శిస్తు కట్టలేకనో ఒకడి ఆస్తి వేలానికి వస్తుంది. పాడేవాడు లేక అది ప్రభుత్వం చేతికి వస్తుంది. ఆ తరువాత దాన్ని ఏం చేశారు? ఇల్లు లేనివాడికి అది ఎంతవరకు చేరింది? అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో ‘ఫోర్‌క్లోజర్’ అంటూ ఉంటారు. ఆ మాట కొత్తగా వినిపించినా సంగతి మనకు కొత్త కాదు. ఈ కథతో మన పెద్దాపురానికి రెండు వందల ఏళ్ళ చుట్టరికం ఉంది.

1802లో కుంఫిణీ ప్రభుత్వం ఉత్తర సర్కారులలో శాశ్వత పైసలా పెట్టింది. జమీందారు ఏటా ఇంత పేష్కషు కట్టాలి, పంట పండినా ఎండినా ఆ మొత్తం మారదు, కట్టకపోతే ఎస్టేటు జప్తు చేసి వేలం వేస్తారు. ఇదీ దాని సారాంశం. జమీందారుల కింద లేని హవేలీ భూములను కూడా ముఠాలుగా విడగొట్టి వేలంలో అమ్మారు. కొన్నవారిలో చాలామంది నాలుగు పంటలు తిరగకుండానే చేతులెత్తేశారు. వత్సవాయి వారి పెద్దాపురం సంస్థానం పేరుకు గొప్పది. విస్తీర్ణంలో ఈ ప్రాంతంలో దానికి సాటి తక్కువ. అయినా పేష్కషు లెక్క దాన్నీ వదలలేదు. వారసత్వపు వ్యాజ్యాలు ఒకపక్క, బకాయిలు మరొకపక్క. 19వ శతాబ్దం మధ్య నాటికి ఆ సంస్థానంలో అధిక భాగం ప్రభుత్వపరమైపోయింది. ఆ వంశపు రాణిగారు పెద్దాపురంలోను, కత్తిపూడిలోను పెట్టిన సత్రాలు మాత్రం ఆమె పేరు నిలబెట్టాయి. రాజ్యం వేలంలో పోయింది, అన్నం పెట్టిన ఇల్లు మిగిలింది అని మా తాతగారు అనేవారు.

ఆ రోజుల పరిస్థితి అంకెల్లో చూస్తే గుండె బరువెక్కుతుంది. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటిది, దాని ముందువెనుకల తుపానులు, పంట నష్టాలు కలిసి రాజమండ్రి జిల్లాను పిండేశాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. చచ్చినవారు చావగా మిగిలినవారిలో చాలామంది వలస పోయారు. ఊళ్ళు ఖాళీ అయితే శిస్తు ఎవరిస్తారు? ఎస్టేట్లు ఒకదాని వెంట ఒకటి వేలానికి వచ్చాయి. పాడే షావుకారు లేక ప్రభుత్వమే పాడుకోవలసి వచ్చింది. ఈ అధోగతికి కారణం కనుక్కోమని సర్ హెన్రీ మాంట్గొమరీని పంపగా, ఆయన 1844లో నివేదిక ఇచ్చాడు. కాలువలు, చెరువులు పట్టించుకునే నాథుడు లేకపోవడం ఆయన చూపిన కారణాల్లో ముఖ్యమైనది. ఆ తరువాతి కథ మనందరికీ తెలుసు. కాటన్ దొర ప్రణాళిక, 1847లో ధవళేశ్వరంలో పని మొదలు, 1852కు ఆనకట్ట పూర్తి.

ఇక్కడ నేను గమనించినది ఒకటి చెబుతాను. వేలంలో కొన్నంతమాత్రాన ప్రభుత్వానికి ఒరిగింది ఏమీ లేదు. బీడుపడ్డ భూములు, పాడుపడ్డ ఊళ్ళు, లెక్క తేలని బకాయిలు దాని నెత్తిన పడ్డాయి. కొన్నదాని మీద మళ్ళీ సొమ్ము పోసి నీళ్ళు తెచ్చిన తరువాతనే అది ఆస్తి అయింది. పోగొట్టుకున్నవాడికి అందులో ఏం దక్కిందంటే, ఏమీ దక్కలేదు. కూలివాడికి, ఇల్లు లేనివాడికి వాటా ఇవ్వాలన్న ఊహే ఆనాడు ఎవరికీ లేదు. అది రావడానికి ఇంకో నూరేళ్ళు పైన పట్టింది.

వేలానికి పక్కా చట్టం 1864లో వచ్చింది. ఆ సంవత్సరపు రెండవ చట్టం, రెవెన్యూ రికవరీ యాక్టు. మన శాఖవారికి అది భగవద్గీత వంటిది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ గుమాస్తా గారు దాన్ని నా చేతిలో పెట్టి, వారం రోజుల్లో చదివి ఒప్పజెప్పమన్నారు. ముందు డిమాండు నోటీసు, తరువాత జప్తు, తరువాత వేలం. పాట కొట్టిన వెంటనే పాటదారు నూటికి 15 వంతులు అక్కడికక్కడ కట్టాలి. మిగిలింది 30 రోజుల్లో. ఆ 30 రోజుల్లోపల బకాయిదారు బకాయి సొమ్ము, పాటదారుకు నూటికి 5 చొప్పున పరిహారం కడితే వేలం రద్దు చేయించుకోవచ్చు. ఆ గడువు దాటితే ఖరారు. ఇందులో 42వ సెక్షను ఒకటుంది. శిస్తు బకాయి కింద వేలం వేసిన భూమి మీద పాత తాకట్లు ఏవీ నిలవవు. కొన్నవాడికి కడిగిన ముత్యంలా చేరుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

చట్టం కాగితం మీద ఇలా ఉంటుంది. ఊళ్ళో వేలం వేరే రకంగా జరిగేది. ముందురోజు టముకు వేయించేవారు. కరణం గారు, మునసబు గారు సావిడి అరుగు మీద కూర్చునేవారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సర్కారు పాట చెప్పేవాడు. జనం వచ్చేవారు, నిలబడేవారు, పాడేవారు కాదు. భూమి పనికిరాక కాదు. రేపు అదే ఊళ్ళో ముఖముఖాలు చూసుకోవాలి, పక్క చేలో నీళ్ళు పెట్టుకోవాలి, పెళ్ళికి పిలవాలి. కష్టంలో ఉన్నవాడి నేల పాడుకున్నాడన్న మాట ఎవరు పడతారు? పాట లేకపోతే ప్రభుత్వం పేరున నామమాత్రపు ధరకు కొట్టేసేవారు. మా ఆఫీసు భాషలో దాన్ని ‘బాట్-ఇన్’ భూమి అనేవాళ్ళం. అడంగలు రిమార్కుల గడిలో ఒక ఎర్ర సిరా వాక్యం పడేది. తరువాత ఎవడో ఒకడు దున్నుకునేవాడు. మేము వెళ్ళి బి-మెమో ఇచ్చి శివాయిజమా కింద జరిమానా వ్రాసుకునేవాళ్ళం. చాలాసార్లు ఆ దున్నేవాడు పాత పట్టాదారే అయ్యేవాడు.

మధ్యలో 1930ల ఆర్థిక మాంద్యం ఒకటి వచ్చింది. ధాన్యం ధర పడిపోయి డెల్టా రైతులు శిస్తుకు, వడ్డీకి మధ్య నలిగిపోయారు. సివిల్ కోర్టుల డిక్రీ వేలాల్లో భూములు షావుకార్లకు పోయాయి. 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం తెచ్చింది. ప్రకాశం పంతులు గారు అప్పుడు రెవెన్యూ మంత్రి. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకు 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ యావత్తు కొట్టివేశారు. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టి ఉంటే బాకీ తీరినట్టే. ఆ చట్టం ఎన్ని కొంపలు నిలబెట్టిందో మా ఇంట్లో పెద్దలు చెప్పుకునేవారు. వేలం అయినతరువాత ఆస్తిని ఏం చేయాలన్న ఆలోచన కంటె వేలమే రాకుండా చూడటం మేలని ఆనాటివారు గ్రహించారు. నేటివారు గ్రహించారో లేదో చెప్పలేను.

ఇక నా ఉద్యోగ కాలానికి వస్తాను.

1970లలో పేదలకు ఇళ్ళ స్థలాలు ఇవ్వాలన్న ఒత్తిడి మొదలైంది. 1975లో ఇరవై సూత్రాల కార్యక్రమం వచ్చాక అది రోజువారీ పని అయింది. లక్ష్యం ఎంత, ఇచ్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని కలెక్టరేటు నుంచి వారం వారం టెలిగ్రాములు. స్థలం ఎక్కడిది? గ్రామకంఠం ఎప్పుడో నిండిపోయింది. పోరంబోకు అంటే చెరువు గర్భమో, శ్మశానమో, పుంతో. భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలుకు వచ్చింది గాని, మిగులుగా చూపించిన భూమిలో చాలావరకు ఊరికి దూరం, రాళ్ళు రప్పలు. పైగా కోర్టు స్టేలు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద కొనాలంటే డబ్బు కావాలి. అప్పుడు తహసీల్దారు గారు మమ్మల్ని రికార్డు రూములోకి పంపి, ప్రతి గ్రామంలోను వేలంలో ప్రభుత్వం పాడుకున్న భూముల జాబితా తీయించారు. ధర పెట్టనక్కరలేదు, తాకట్ల గొడవ లేదు. 42వ సెక్షను ఇక్కడ ఉపయోగపడింది.

పెద్దాపురానికి ఉత్తరాన మెట్టలో ఒక ఊరు. పేరు వ్రాయను, ఆ కుటుంబం వారు ఇంకా అక్కడ ఉన్నారు. ఊరికి ఆనుకునే 1 ఎకరం 40 సెంట్ల భూమి వేలంలో ప్రభుత్వానికి వచ్చినట్టు తేలింది. సదరు రైతు నుయ్యి తవ్వుకోవడానికి తక్కావి అప్పు తీసుకున్నాడు. నూతిలో నీరు సరిగా పడలేదు. అప్పు మాత్రం శిస్తు బకాయి లాగానే వసూలు చేయాలి. మనిషి పోయాడు, భూమి వేలానికి వచ్చింది, పాడినవాడు లేడు. వచ్చిన నామమాత్రపు సొమ్ము పోను మిగిలిన బాకీని వసూలు కాని పద్దుల్లో వేసి రద్దుకు వ్రాశారు.

1976లో నేను అప్పర్ డివిజన్ గుమాస్తాగా ఆ ఫైలు చూశాను. సర్వేయరు గొలుసు వేసి దారులకు 32 సెంట్లు తీయగా 108 సెంట్లు మిగిలింది. మూడేసి సెంట్ల చొప్పున 36 స్థలాలు. లబ్ధిదారుల జాబితా గ్రామసభలో చదివినప్పుడు అందులో ఆ రైతు భార్య పేరు వచ్చింది. ఆమె అప్పటికి అన్నగారి పెరట్లో పాక వేసుకుని, ఇద్దరు పిల్లలతో నాట్లకు, కోతలకు వెళుతోంది. అర్హతలో లోటేమీ లేదు. కాని ఊళ్ళో ఒకాయన లేచి, సర్కారు బాకీ ఎగవేసిన ఇంటికి సర్కారు స్థలం ఎలా ఇస్తారని అడిగాడు. మా ఆఫీసులోనూ ఒకరిద్దరికి అదే సందేహం. ఫైలు మీద నోటు వ్రాసే పని నాది. బాకీ మొగుడిది, అది రద్దుకు పోయింది, ఇల్లు లేనిది ఈమెకు, కనుక అర్హురాలు అని వ్రాశాను. తహసీల్దారు గారు ఆకుపచ్చ సిరాతో ‘సరే’ అని ఒక్క మాట పెట్టారు.

పట్టాలిచ్చే రోజున స్థలాలకు చీట్లు తీయాలి. ఆమె ముందుకు వచ్చి అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "మా ఆయన దున్నిన చేలో నాకు మూడు సెంట్లు మీరిస్తున్నారా బాబూ? సరే, ఇవ్వండి. ఆ తూరుపు గట్టు పక్కది ఇప్పించండి. అక్కడ నుయ్యుంది." ఎవరూ మాట్లాడలేదు. మిగిలిన 35 మందిలో ఒక పెద్దావిడ, ఆ ఒక్కటీ పక్కన పెట్టి మాకు చీట్లు తీయండి బాబూ అంది. అందరూ సరేనన్నారు. అలాగే చేశాం. ఆ తరువాత మంచి వానలు పడ్డ ఏడాది ఆ నూతిలో నీళ్ళు ఊరాయట. వీధంతా అక్కడే తోడుకునేవారని విన్నాను.

స్థలం ఇవ్వడంతో పని అయిపోదు. దాని మీద ఇల్లు లేవాలి. మొదట్లో అందరూ తాటాకు పాకలే వేసుకున్నారు. వేసవిలో ఒక నిప్పురవ్వ ఎగిరితే వీధి వీధంతా బూడిద. పక్కా ఇంటికి సొమ్ము కావాలి, ఆ సొమ్ము ఢిల్లీ నుంచి అప్పుగా రావాలి. 1970లో హడ్కో ఏర్పడింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1983లో రామారావు గారి ప్రభుత్వం వచ్చాక పక్కా ఇళ్ళ కార్యక్రమం ఊపందుకుంది. 1985–86 నుంచి కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన పెట్టింది. కొంత సబ్సిడీ, కొంత అప్పు. ఆ అప్పు వాయిదాలు వసూలు చేయడానికి మళ్ళీ మేమే. వేలంలో వచ్చిన భూమిలో కట్టిన ఇంటి మీద మళ్ళీ బకాయి నోటీసు! ఈ విచిత్రం నేను కళ్ళారా చూశాను. అయితే ఆ ఇళ్ళు వేలం వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. తరువాత తరువాత ప్రభుత్వాలే మాఫీలు ప్రకటించాయి.

1977లో ఎసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. డి-పట్టా అమ్మకూడదు, కొనకూడదు. పేదవాడి చేతి నుంచి మళ్ళీ జారిపోకూడదన్నది ఉద్దేశం, మంచిదే. కాని బిడ్డ పెళ్ళికో, ఆసుపత్రికో అవసరమొచ్చినవాడు తెల్లకాగితం మీద సగం ధరకు వదులుకునేవాడు. చాటున జరిగే బేరంలో నష్టపోయేది ఎప్పుడూ అమ్మేవాడే. 2019లో చట్టం సవరించి, గడువు దాటిన ఇళ్ళ స్థలాలను బాహాటంగా అమ్ముకునే వీలు కల్పించారు. నాకైతే అది నలభై ఏళ్ళ ముందే రావలసింది అనిపిస్తుంది. మన మిత్రుల్లో కొందరు ఒప్పుకోరని తెలుసు.

ఇప్పుడు కాలం మారింది. వేలం సావిడి అరుగు దిగి బ్యాంకుకు వెళ్ళింది. 1993లో ఋణ వసూలు ట్రిబ్యునళ్ళ చట్టం, 2002లో సర్ఫేసీ చట్టం వచ్చాయి. ఈ రెండవదాని సంగతి మన పెన్షనర్లకు తెలిసి ఉండటం అవసరం. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఇల్లు స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. వ్యవసాయ భూమికి, లక్ష రూపాయలు మించని బాకీకి ఈ చట్టం వర్తించదు. అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. పేపర్లో ‘ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా’ అన్న ప్రకటనలు చూస్తూనే ఉన్నాం కదా, కాకినాడలో ఫ్లాటు, రాజమండ్రిలో డాబా అని. మన సభ్యులొకరు కొడుకు వ్యాపారానికి జామీను ఉండి, సొంత ఇల్లు అలా పోగొట్టుకున్నారు. బ్యాంకు పేరు అనవసరం. ఆయనకు మిగిలింది పెన్షను ఒక్కటే. 1871 నాటి పెన్షన్ల చట్టం ప్రకారం దాన్ని ఏ అప్పులవాడూ జప్తు చేయలేడు. ఆ మాట ఆయనకు మా సంఘంలో చెప్పేవరకు తెలియదు. అదీ పట్టుకుపోతారేమోనని నెలల తరబడి నిద్రపోలేదట.

ఇలాంటి ఇళ్ళను పాడుకునేది ఎవరు? ఊరివాళ్ళు కాదు. ఇక్కడ ముఖముఖాలు చూసుకునే పని లేదు. దళారులు, చేతిలో రొక్కం ఉన్నవారు. ప్రభుత్వం పాట పాడటం లేదు. నూట ఎనభై ఏళ్ళ క్రితం మొత్తం ఎస్టేట్లనే పాడుకున్న సర్కారు, ఈనాడు రెండు గదుల ఇంటిని పాడుకోదు.

అమెరికావారు ఒకసారి పాడి చూశారు. 2007–08లో అక్కడ ఇంటి అప్పులు కుప్పకూలి, వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. 2008 జూలైలో వారి పార్లమెంటు ఒక చట్టం చేసి, ‘పొరుగువాడల స్థిరీకరణ కార్యక్రమం’ అని చెప్పదగిన పథకానికి 392 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2009లోను, 2010లోను మరికొంత కలిపి మొత్తం దగ్గర దగ్గర 700 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము రాష్ట్రాలకు, నగరాలకు, కౌంటీలకు పంచారు. వారు బ్యాంకుల చేతిలో పడ్డ ఇళ్ళను మదింపు ధరకు కనీసం కొంత తక్కువకు కొని, మరమ్మతులు చేసి, మధ్యతరగతికి, అంతకంటె తక్కువ ఆదాయం వారికి అమ్మాలి లేదా అద్దెకివ్వాలి. సొమ్ములో నాలుగో వంతు, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగానికి మించని కుటుంబాలకే కేటాయించాలి. మొదటి విడత సొమ్ము 18 నెలల్లో ఒప్పందాలకు కట్టుబెట్టాలి.

ఆలోచన బాగుంది. ఆచరణలో వారికి ఎదురైన చిక్కులు చదువుతుంటే నాకు మా తాలూకా ఆఫీసే గుర్తొచ్చింది. నగరపాలక సంస్థ మదింపు, తనిఖీ, అనుమతి అని కాగితాలు తిప్పుతుండగా రొక్కం ఉన్న వ్యాపారి అదే ఇంటిని కొనేసేవాడు. ఖాళీగా ఉన్న ఇంట్లో రాగి తీగెలు, గొట్టాలు దొంగలు పీక్కుపోయేవారు. డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ వంటి చోట్ల ఎన్నో ఇళ్ళు బాగుచేయడానికి పనికిరాక కూల్చవలసి వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ పట్టణం ఉన్న జెనెసీ కౌంటీలో అంతకుముందే ‘భూమి బ్యాంకు’ ఒకటి ఉంది. పన్ను కట్టక జప్తయిన ఇళ్ళను, స్థలాలను అది తీసుకుని, టైటిలు శుభ్రం చేసి, తిరిగి వాడుకలోకి తెస్తుంది. అది మన బాట్-ఇన్ భూమికి అన్న వరస అవుతుంది. తేడా ఏమిటంటే వారు దానికి ఒక సంస్థను, సిబ్బందిని పెట్టారు. మనం అడంగలులో ఎర్ర సిరా పెట్టి ఊరుకున్నాం.

వారి తాతలనాటి పద్ధతి ఇంకా మేలు. 1933లో రూజ్వెల్టు హయాంలో గృహయజమానుల ఋణ సంస్థ అని పెట్టి, బ్యాంకుల నుంచి సుమారు 10 లక్షల తాకట్టు అప్పులు ప్రభుత్వమే తీసుకుని, వాయిదాలు చిన్నవి చేసి, గడువు పొడిగించింది. అందులో సుమారు 2 లక్షల ఇళ్ళు చివరికి పోయాయి. మిగిలిన 8 లక్షల కుటుంబాలు సొంత కొంపలోనే ఉండిపోయాయి. ఆ సంస్థ 1951లో లెక్కలు మూసింది. మన 1938 చట్టానికి ఇది ఐదేళ్ళు పెద్దది.

మన దేశంలో ఈమధ్య జరిగిన దగ్గరి ప్రయత్నం 2019 నవంబరు నాటి స్వామి నిధి. ఆగిపోయిన అపార్ట్‌మెంట్ల నిర్మాణానికి 25 వేల కోట్ల రూపాయల నిధి, అందులో కేంద్రం వాటా 10 వేల కోట్లు. బ్యాంకుల్లో మొండిబాకీగా మారినవి, దివాలా ట్రిబ్యునల్‌లో ఉన్నవి కూడా అర్హమే. 2025 బడ్జెటులో అప్పటికి 50 వేల ఇళ్ళు పూర్తయ్యాయని చెప్పి, 15 వేల కోట్లతో రెండవ నిధి ప్రకటించారు. మంచి పనే. కాని అది పెద్ద నగరాల బిల్డర్ల ప్రాజెక్టులకు పనికివస్తుంది గాని, పెద్దాపురం వీధిలో ఒక్క ఇంటికి పనికిరాదు. మన ఉమ్మడి రాష్ట్రంలో దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. మధ్యతరగతికి చౌకగా ఇళ్ళు కట్టాలని 2007లో పెట్టిన రాజీవ్ స్వగృహ అప్పుల్లో చిక్కుకుని ఆగిపోయింది. 2022లో హైదరాబాదు దగ్గర బండ్లగూడ, పోచారం ఫ్లాట్లను ప్రభుత్వమే అమ్మకానికి పెట్టవలసి వచ్చింది.

మన జిల్లా మట్టుకు వస్తే, 2020 డిసెంబరు 25న యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో రాష్ట్రవ్యాప్త ఇళ్ళ స్థలాల పంపిణీ మొదలుపెట్టారు. 30 లక్షలు పైగా స్థలాలు. 2023 అక్టోబరు 12న మన పక్కనున్న సామర్లకోటలో సామూహిక గృహప్రవేశాలు జరిగాయి. అంత భూమికి ఎన్ని వేల కోట్లు పోసి కొనవలసి వచ్చిందో, కొన్నవాటిలో ఊరికి దూరమైనవి, పల్లపువి ఎన్ని ఉన్నాయో పత్రికల్లో వాదోపవాదాలు చదివాం. పార్టీల సంగతి నాకొద్దు. ఊరి నడిబొడ్డున నీరు, కరెంటు, మురుగు కాలవ ఉన్న తాకట్టు ఇల్లు వేలంలో దళారికి పోతుంటే, ఊరికి నాలుగు మైళ్ళ అవతల పొలం కొని మెరక చేయించడం ఏం లెక్క అని నా ప్రశ్న.

నాకు తోచింది చెబుతాను. చిన్న ఇంటిని బ్యాంకు అమ్మదలచుకుంటే, పేపరు ప్రకటనకు ముందు మునిసిపాలిటీకో గృహనిర్మాణ సంస్థకో 30 రోజులు వెసులుబాటు ఇవ్వాలి. మదింపు ధరకు వారు కొనుక్కోవచ్చు. కొన్నాక అందులో ఉన్న కుటుంబాన్ని బయటికి నెట్టకుండా అద్దెకు ఉండనివ్వాలి, నిలదొక్కుకుంటే తిరిగి కొనుక్కునే హక్కు ఇవ్వాలి. వారికి అక్కరలేకపోతే అప్పుడు జాబితాలో ఉన్న పేదవాడికి. 1864 చట్టంలో వేలం తరువాత బకాయిదారుకు ఇచ్చిన 30 రోజులనే వేలానికి ముందుకు జరపమంటున్నాను, అంతే. ఇలా చేస్తే బాకీ ఎగవేసేవాడికి అలుసిచ్చినట్టు కాదా అని మా అల్లుడు అడిగాడు. అతను బ్యాంకులోనే పనిచేస్తాడు. అలుసిచ్చేది ఎలా అవుతుంది? ఇల్లు అతని పేరు మీద ఉండదు, అద్దె కడుతూ ఉంటాడు. ఊరు విడిచిపోకుండా పిల్లలు అదే బడికి వెళతారు. బ్యాంకుకు సొమ్ము ముడుతుంది. ప్రభుత్వానికి ఖర్చు లేదని నేను అనను. మరమ్మతులు, అద్దె వసూలు, సిబ్బంది, ఇవన్నీ ఖర్చే. అమెరికావారు పడ్డ తిప్పలన్నీ మనమూ పడతాం. దానికి విడిగా నిధి, విడిగా మనుషులు ఉంటే తప్ప మొదలుపెట్టవద్దనే చెబుతాను.

ఇంకొక చిన్న మాట. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత రికార్డులు గోనె సంచుల్లో మూటలు కట్టి పంచారు. అంతకుముందు ఏడాదే కరణాలు, మునసబులు పోయారు. ప్రభుత్వం వేలంలో పాడుకున్న భూముల రిజిస్టర్లు కొన్ని చోట్ల అప్పుడే కనబడకుండా పోయాయి. పెద్దాపురం, ప్రత్తిపాడు, తుని, రామచంద్రపురం తాలూకా ఆఫీసుల్లో ఆ రోజుల్లో పనిచేసిన మిత్రులు ఎవరైనా ఉంటే, తమకు గుర్తున్న గ్రామాల పేర్లు, విస్తీర్ణాలు, తరువాత ఏమయ్యాయో ఒక కాగితం మీద వ్రాసి మన సంఘం కార్యాలయానికి పంపగలరు. చేతివ్రాత ఎలా ఉన్నా ఫరవాలేదు, నేను చదువుకుంటాను.